నాణెం తెచ్చిన చెర: యలహంక ప్రభువు కెంపేగౌడ జీవితం



మనలో చాలామందిమి నెల్లూరు, ఒంగోలు, కనిగిరి, కంభం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకుని వచ్చి ఈ యలహంకలోనూ చుట్టుపక్కల పేటల్లోనూ స్థిరపడినవాళ్ళం. మన పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడి బడుల్లోనే చదువుకున్నారు. ఈ ఊరిలో ఏ మూలకు వెళ్ళినా కెంపేగౌడ పేరు వినబడుతుంది. మెజిస్టిక్‌లోని బస్సు స్టాండుకు ఆయన పేరే. 2013లో విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. 2022 నవంబరులో అక్కడే 108 అడుగుల కంచు విగ్రహం నిలబెట్టారు. ఊరికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు వాటి ముందు నుండే మన ప్రయాణం. అయితే ఆయన మన యలహంకవాడేనని, బంగారు నాణెం ముద్రించిన పాపానికి ఐదేండ్లు చెరలో మగ్గాడని మనలో ఎందరికి తెలుసు? అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని మాకు తెలిసినంతలో చెప్పదలచుకున్నాము.

కెంపేగౌడ పూర్వీకులు కూడా మనలాగే వలస వచ్చినవారే. కాంచీపురం దగ్గరి ఆలూరు అనే ఊరి నుండి ఏడు కుటుంబాలవారు, అక్కడి అధికారి ఒకడు తమ ఆడపిల్లను బలవంతంగా పెళ్ళాడజూస్తే, రాత్రికి రాత్రి బండ్లు కట్టుకుని, పొంగుతున్న పాలారు దాటి, నంది కొండల దగ్గరి ఆవతికి చేరుకున్నారని కుటుంబ కథనం. 15వ శతాబ్దం మొదటి రోజుల మాట ఇది. వారి నాయకుడు రణభైరేగౌడ. ఆ పేరులోని భైరవుడు వారి దేవుడు. పాఠకులు ఈ పేరు గుర్తు పెట్టుకోవాలి, ముందు దీనితో పని ఉంది. ఆ వంశంలోని జయగౌడ విజయనగర రాజుకు లోబడి యలహంక నాడుకు ప్రభువయ్యాడు. చోళుల కాలంలో ఇలైపాక్క నాడు అని పిలిచింది ఈ ప్రాంతాన్నే. ఊరు మనం అనుకునేదానికంటే చాలా పాతది.

కెంపేగౌడ 1510లో పుట్టాడు. తండ్రి కెంపనంజేగౌడ, తల్లి లింగాంబ. అంతకు ముందు సంవత్సరమే హంపీలో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కాడు. అంటే ఈ పిల్లవాడి బాల్యమంతా విజయనగర రాజ్యానికి మంచి దశ. హేసరఘట్ట దగ్గరి ఐవరుకండపుర అనే పల్లెలోని గురుకులంలో తొమ్మిదేండ్లు చదువుకున్నాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఈ తొమ్మిదేండ్ల సంగతి సంతోషం కలిగిస్తుంది. ఆ రోజుల్లో పాలెగాళ్ళ కొడుకులకు కత్తి, గుర్రం వస్తే చాలనుకునేవారు.

విజయనగర సామంతులు ప్రతి సంవత్సరం మహర్నవమికి రాజధానికి వెళ్ళి కప్పం చెల్లించవలసిందే. రాజధాని వీధులు, బజార్లు, నీటి కాలువలు, చెరువులు కళ్ళారా చూసిన వాళ్ళకు తమ పల్లె కోట చిన్నదిగా కనబడటంలో ఆశ్చర్యం లేదు. కెంపేగౌడకు కొత్త నగరం కట్టాలనే కోరిక అక్కడే పుట్టిందని చెబుతారు. కుందేలు వేటకుక్కను తరిమిందని, ఆ శకునం చూసి స్థలం ఎంచుకున్నాడని ఇంకొక కథ ఉంది. హంపీ కట్టిన హరిహర బుక్కల గురించి కూడా సరిగ్గా ఇదే కథ చెబుతారు కనుక మేము దాని మీద కాలం వెచ్చించము.

తండ్రి తరువాత అధికారానికి వచ్చి, అచ్యుతదేవరాయల అనుమతితో 1537లో మట్టి కోట కట్టి, బెంగుళూరు పేటకు పునాది వేశాడు. రాజధానిని యలహంక నుండి అక్కడికి మార్చాడు. బెంగుళూరు అనే పేరు మాత్రం ఆయన పెట్టింది కాదు. బేగూరు గుడిలోని ఒక శాసనంలో, కెంపేగౌడకు ఆరు వందల ఏండ్ల ముందే, బెంగుళూరు యుద్ధం అనే మాట ఉంది. నాలుగు నాగళ్ళకు ఎద్దులను కట్టి, నడి కూడలి నుండి నాలుగు దిక్కులకు తోలించి, ఆ చాళ్ళ వెంబడే వీధులు వేయించాడని ప్రతీతి. ఆ కూడలి నేటి అవెన్యూ రోడ్డు, చిక్కపేట కలిసే చోటు. వృత్తికొక పేట. గాజులవారికి బళెపేట, బియ్యం వ్యాపారులకు అక్కిపేట, కుమ్మరులకు కుంబారపేట, గాండ్లవారికి గాణిగరపేట. ఇన్ని వందల ఏండ్ల తరువాత కూడా ఆ పేర్లు చెరిగిపోలేదు.

ఆయన చేసిన పనుల్లో మేము అన్నిటికంటే గొప్పదిగా ఎంచేది చెరువులను. బెంగుళూరు మిట్ట మీద ఉన్న ఊరు. పెద్ద నది ఏదీ దగ్గర లేదు. వాన నీటిని పట్టుకుంటేనే బ్రతుకు. మన కంభం చెరువు కూడా విజయనగర కాలానిదే కదా, కంభం నుండి వచ్చినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి చెరువులు ఆయన పేరుతోనే ముడిపడి ఉన్నాయి. మనం మెజిస్టిక్‌లో బస్సు దిగి నిలబడేది ధర్మాంబుధి చెరువు అడుగున. సంపంగి చెరువు ఆటల స్టేడియం అయింది. వాన గట్టిగా కురిసినప్పుడు నీళ్ళు పాత చోటును వెదుక్కుంటూ వస్తాయి, మనమేమో కార్పొరేషన్‌ను తిడతాము.

రాజు సంతోషించి హలసూరు, బేగూరు, వర్తూరు, జిగణి, కెంగేరి మొదలైన చుట్టుపక్కల ఊళ్ళను ఇచ్చాడు. వాటి ఆదాయం సాలుకు 30,000 వరహాలని లెక్క. ఇక్కడ వరహా అనే మాట వచ్చింది గనుక అసలు సంగతికి వద్దాం.

వరహా అంటే విజయనగర బంగారు నాణెం. తూకం మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువ. వెడల్పు మన చిటికెన వేలి గోరు కంటే కాస్త పెద్దది, అంతే. దానిలో సగం ప్రతాపం, ఆ ప్రతాపంలో పదో వంతు పణం. 1443లో పారశీక దేశం నుండి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ ఈ లెక్కను శ్రద్ధగా వ్రాసి పెట్టుకున్నాడు. ఆ గోరంత బంగారం మీద ఒక వైపు దేవుని బొమ్మ, రెండో వైపు రాజు పేరు. మొదటి రాజులు హనుమంతుణ్ణి, గరుత్మంతుణ్ణి వేయించారు. రెండవ హరిహరరాయలు శివపార్వతులను, లక్ష్మీనారాయణులను జంటగా కూర్చోబెట్టాడు. కృష్ణదేవరాయలు చేతిలో వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుణ్ణి ఎంచుకున్నాడు. అచ్యుతరాయల నాణెం మీద రెండు తలల గండభేరుండ పక్షి ఏనుగులను ముక్కులతోనూ గోళ్ళతోనూ ఎత్తుకుపోతూ ఉంటుంది. దాన్ని చూసినవాడికి రాజు ఏమి చెప్పదలచుకున్నాడో అక్షరం రాకపోయినా అర్థమవుతుంది. పత్రికలు, గోడ ప్రకటనలు లేని కాలంలో రాజు ముఖం చూడని రైతు చేతికి రాజు పేరు చేరేది ఈ నాణెం వల్లనే. ఏ దేవుని అండ తనకున్నదో, ఎవరి ఆజ్ఞ చెల్లుతుందో అందులోనే తెలియజేసేవాడు. కాబట్టి టంకసాల పెట్టడమంటే రాజునని చెప్పుకోవడమే.

ఇది మన దేశపు వింత కాదు. పరిసయ్యులు పన్ను విషయమై ప్రభువును ఇరుకున పెట్టజూసినప్పుడు తెచ్చి చూపిన దేనారం తిబెరి కైసరుదని పండితులు సాధారణంగా చెబుతారు. ఆ నాణెం మీద తాను దైవమైన ఔగుస్తు కుమారుడనని తిబెరి వ్రాయించుకున్నాడు. భక్తిగల యూదునికి అది జేబులో పెట్టుకోవడమే కష్టమైన వస్తువు. ఔగుస్తు, తిబెరి, క్లౌదియల వెండి నాణేలు 1891లో మన యశ్వంతపురంలోనే దొరికాయి. యలహంకలో రైలెక్కితే మూడో స్టేషను. ఆదివారం బడి పిల్లలకు ఈ సంగతి చెబితే ఆ వాక్యం ఇంకెప్పుడూ మరచిపోరు.

తరువాత రోమా రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు మారింది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి ప్రవేశపెట్టిన సాలిడస్ అనే బంగారు నాణెం, రోమా పౌనుకు 72 చొప్పున, ఒక్కొక్కటి నాలుగున్నర గ్రాములు, ఏడు వందల ఏండ్లు దాదాపు విలువ తగ్గకుండా నడిచింది. హావేరి జిల్లా అక్కి ఆలూరులో కూడా ఆ రాజుల బంగారు నాణేలు బయటపడ్డాయి. మొదట్లో వాటి మీద చక్రవర్తి ముఖం, వెనుక సిలువ పట్టుకున్న దేవదూత, లేదా మెట్ల మీద నిలిపిన సిలువ ఉండేవి. క్రీస్తు ముఖాన్ని నాణెం ముందు వైపున ముద్రించి, తాను వెనుక వైపుకు జరిగి, క్రీస్తు దాసుడనని వ్రాయించుకున్న మొదటి చక్రవర్తి రెండవ జస్టీనియన్. అది సుమారు 692. వినడానికి ఎంత తగ్గింపుగా ఉంది! మనిషి మాత్రం మహా క్రూరుడు. పన్నుల బాధ పడలేక జనం 695లో అతణ్ణి పట్టి, ముక్కు కోసి దేశం నుండి వెళ్ళగొట్టారు. పదేండ్లకు తిరిగి వచ్చి సింహాసనం ఎక్కాడు, పగ తీర్చుకున్నాడు. మళ్ళీ క్రీస్తు ముఖంతో నాణేలు వేయించాడు. 711లో చంపబడ్డాడు. బొమ్మను బట్టి వేయించినవాని హృదయాన్ని లెక్క కట్టలేమని మాకు ఇక్కడ అనిపిస్తుంది.

ఆ కాలంలోనే దమస్కులో ఖలీఫా అబ్దుల్ మలిక్ ఉన్నాడు. అరబ్బులు అంతవరకు రోమా బంగారం పోలికలోనే నాణేలు వేసుకుంటూ, మెట్ల మీది సిలువకు అడ్డకొయ్య తీసేసి వట్టి స్తంభంగా మార్చేవారు. క్రీస్తు ముఖంతో నాణేలు వచ్చిన కొద్ది ఏండ్లకే, 696-97లో, అతడు బొమ్మలన్నిటినీ తీసివేసి కేవలం అక్షరాలతో దీనారాలు వేయించాడు. ఇటు క్రైస్తవ రాజ్యంలోనే బొమ్మలు ఉండవచ్చునా కూడదా అని వంద ఏండ్లకు పైగా కలహం నడిచింది. 843లో బొమ్మల పక్షం గెలిచాక మూడవ మైకేల్ కాలంలో క్రీస్తు ముఖం మళ్ళీ నాణెం మీదికి వచ్చింది. ఆ కలహంలో మన బాప్టిస్టులు ఏ పక్షాన నిలబడేవారో ఊహించడం కష్టం కాదు. కానీ అది పోరాడినవారికి మాటలతో పోయిన వివాదం కాదు, ఎందరో పదవులు, ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇప్పుడు కెంపేగౌడ దగ్గరకు వద్దాం. నగరం కట్టాడు, పేటలు నిండాయి, వ్యాపారం పెరిగింది. సంతలో చిల్లర కావాలి, కూలీలకు పణాలు కావాలి. ఆయన రాజు అనుమతి లేకుండా సొంత టంకసాల పెట్టి, తమ కులదైవమైన భైరవుని పేర బంగారు నాణేలు వేయించాడు. అవసరం కొద్దీ వేయించాడా, నేనూ ఒక రాజునేనని వేయించాడా అని అడిగితే, రెండూ కావచ్చునని మా అభిప్రాయం. వట్టి చిల్లర అవసరమే అయితే రాజు బొమ్మతో, రాజు పేరుతో, రాజు అనుమతి అడిగి వేయించి ఉండవచ్చు. కాంచీ నుండి బండ్లలో తెచ్చుకున్న దేవుని పేరును బంగారం మీదికి ఎక్కించడంలో ఆ కుటుంబపు రోషం ఉంది. పొరుగు పాలెగాళ్ళకు అప్పటికే కడుపు మంట. హంపీకి చాడీలు వెళ్ళాయి.

పిలుపు వచ్చింది. వెళ్ళాడు. ఆనెగొందిలో, తుంగభద్రకు ఆవలి ఒడ్డున, హంపీకి ఎదురుగా ఉన్న పాత కోటలో ఆయనను బంధించారు. రాజ్యం స్వాధీనం చేసుకున్నారు. ఐదేండ్లు అక్కడే ఉన్నాడు. నగరం కట్టినవాడు నగరం చూడకుండా, చెరువులు తవ్వించినవాడు ఒక్క వానాకాలమైనా తన చెరువు నిండటం చూడకుండా ఐదేండ్లు. తిరుగుబాటు చేయలేదు, తప్పించుకుని పోలేదు. చివరకు భారీ అపరాధ రుసుం కట్టించుకుని విడుదల చేసి, రాజ్యం తిరిగి ఇచ్చారు. ఇంటికి వచ్చాక మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆయన పేరుతో చెప్పే సంస్కరణ ఒకటి ఉంది. ఆయన కులమైన మొరసు ఒక్కలిగల్లో బండి దేవరు పూజలో స్త్రీల చేతి చివరి రెండు వేళ్ళు నరికే ఆచారం ఉండేది. దాన్ని ఆయన నిషేధించాడంటారు. 19వ శతాబ్దపు ఆంగ్లేయుల రాతల్లో కూడా ఆ ఆచారం ప్రస్తావన ఉంది కనుక, నిషేధం అన్ని పల్లెలకూ పాకలేదని తేలుతుంది. అయినా తన కులం వారి ఆచారాన్ని తానే కాదనడం చిన్న సంగతి కాదు. పొరుగువాడి తప్పు ఎత్తి చూపడం ఎవరికైనా సులువే.

ఇంకొక విషయం. గంగాగౌరీ విలాసము అనే తెలుగు యక్షగానం కెంపేగౌడ పేర ఉంది. ఇది తెలిసినప్పటి నుండి మనవారిలో కొందరు ఆయన తెలుగువాడే, బెంగుళూరు కట్టింది మనమే అని మాట్లాడుతున్నారు. మాకు ఈ ధోరణి నచ్చదు. మొరసు ఒక్కలిగల్లో కన్నడం మాట్లాడేవారూ ఉన్నారు, తెలుగు మాట్లాడేవారూ ఉన్నారు. కెంపేగౌడ శాసనాలు కన్నడంలో వేయించాడు. ఆటకు, పాటకు తెలుగును ఎంచుకున్నాడు. ఆ రోజుల్లో రాయల సభలో తెలుగుకు ఉన్న గౌరవం అటువంటిది. ఈ గడ్డ మీద రెండు భాషలూ అప్పటికే పక్కపక్కన బ్రతికాయి. బడిలో మన పిల్లలను ఎవరైనా మీరు బయటివాళ్ళు అంటే చెప్పుకోవడానికి ఈ మాత్రం చాలు. కన్నడం చక్కగా నేర్చుకుని చెబితే ఇంకా మంచిది.

1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలిపోయింది. ఏ రాజు హక్కును మీరాడని చెరలో వేశారో ఆ రాజధాని పాడుబడటం కెంపేగౌడ బ్రతికుండగానే జరిగింది. అప్పటికి ఆయనకు 55 ఏండ్లు. నాలుగేండ్ల తరువాత, 1569లో, ఆయన కన్నుమూశాడు. కొడుకు ఇమ్మడి కెంపేగౌడ నగరానికి నాలుగు దిక్కులా గోపురాలు కట్టించాడంటారు. యలహంక నుండి ఊళ్ళోకి పోయే దారిలో మేఖ్రీ సర్కిల్ దగ్గర ఉన్నది వాటిలో ఒకటి. 1638లో బిజాపూర్ సైన్యం బెంగుళూరును పట్టుకోగా వంశం మాగడికి తరలిపోయింది. 1728లో మైసూరువారు మాగడిని కూడా తీసుకున్నారు. చివరి కెంపేగౌడ శ్రీరంగపట్నం చెరలో మరణించాడు. ఆ వంశానికి చెర రెండుసార్లు తప్పలేదు.

నాణేల కథ మాత్రం విచిత్రంగా సాగింది. సామ్రాజ్యం పోయాక అడిగేవాడు లేక చిత్రదుర్గం, ఇక్కేరి పాలకుల వంటివారు తమ వరహాలు తామే వేసుకున్నారు. కెంపేగౌడ ఐదేండ్ల చెరతో చెల్లించిన దానికి ఇప్పుడు ఒక్క పైసా అపరాధం లేదు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ దొరలు కూడా వరహాలే వేశారు. వాటిని పగోడాలు అనేవారు. వాటి మీద ఎవరి బొమ్మ అనుకుంటున్నారు? దేవేరులిద్దరితో వేంకటేశ్వరుడు! ఆదివారం గుడికి వెళ్ళే ఆ తెల్లవారికి, బజారులో చెట్టిగారు తీసుకునే నాణెం కావాలి, అంతే. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీలు దిగేనాటికి మద్రాసు రాజధానిలో లెక్కలన్నీ ఆ పగోడాల్లోనే. 1818లో రూపాయి వచ్చాక గాని అవి పోలేదు. 1763లో బిదనూరును గెలిచిన హైదర్ అలీ సంగతి ఇంకా చిత్రం. ముసల్మానైన ఆయన అక్కడి వరహా మీది శివపార్వతుల బొమ్మను తీయించలేదు. రెండో వైపున తన పేరులోని మొదటి అరబీ అక్షరం ఒక్కటి వేయించి ఊరుకున్నాడు. దమస్కు అరబ్బులు సిలువ అడ్డకొయ్య తీసి నడిపిన నాణెం ఇక్కడ గుర్తుకు రాక మానదు. జనం నమ్మిన ముద్రను మార్చడానికి కత్తి బలం కూడా వెనుకాడుతుంది.

కెంపేగౌడ సమాధి ఎక్కడుందో చాలాకాలం వరకు ఎవరూ పట్టించుకోలేదు. 2015లో మాగడి తాలూకాలోని కెంపాపురంలో చిన్న రాతి మంటపం ఒకటి, దాని మీద కన్నడ శాసనం వెలుగులోకి వచ్చాయి. కుణిగల్‌లో ఒక గొడవ అణచి తిరిగి వస్తూ హిరియ కెంపేగౌడ ఈ చోట మరణించాడని అందులో ఉంది. అంటే అరవైకి దగ్గరపడిన వయసులో కూడా గుర్రం దిగలేదన్నమాట. చూడదలచినవారు మెజిస్టిక్ నుండి మాగడి బస్సు ఎక్కి, అక్కడ కెంపాపురం దారి అడిగి వెళ్ళవచ్చు. శాసనం చదవడానికి కన్నడం వచ్చిన పిల్లలను వెంట తీసుకుపొండి.